కేకు డబ్బా మీద నూట ఎనభై ఏడో పేజీ

మా అన్నయ్య కూతురు గ్లోరీ పెళ్లి కేకు మీద పిహెచ్.డి. రాసింది.

సరే, కొంచెం తగ్గిస్తాను. మొత్తం పిహెచ్.డి. కాదు, ఒక్క పేజీ. అదీ కేకు మీద కాదు, కేకు డబ్బా మీద. ఆ పిహెచ్.డి. కూడా ఆమెది కాదు, గొర్రెల కాపరి కొడుకు ఎంకన్నది. ఇంతకన్నా తగ్గించడం నా వల్ల కాదు. నేను చదివిన కాన్వెంటులో సిస్టర్ బెర్నడెట్ అబద్ధానికి ఐదు దెబ్బలూ, గొప్పలు చెబితే రెండూ వేసేది. అప్పటినుంచీ నేను రెండు దెబ్బల హద్దు దాటకుండా జాగ్రత్తగా బతుకుతున్నాను.

తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీ వైపు నడిస్తే ఎడమ చేతి సందులో, టైలరు కొట్టుకీ పిండిమరకీ మధ్య ఒక చిన్న గది ఉంది. పైన బోర్డు మీద ‘గ్లోరీ డి.టి.పి. సెంటర్’ అని, కింద ‘థీసిస్‌లు, శుభలేఖలు, సువార్త కరపత్రాలు’ అని ఉంటుంది. లోపల ముగ్గురు కూర్చుంటే నాలుగోవాడు గుమ్మంలో నిలబడి మాట్లాడాలి. ఆ నాలుగోవాడు సాధారణంగా నేనే. వారాసిగూడలో మా ఇంటి నుంచి రోజూ పొద్దున్నే బస్సెక్కి అక్కడికి పోయి, ఆమె పని చెడగొట్టి, టీ తాగి వస్తాను.

గ్లోరీ చదివింది ఇంటర్. పైన టైపు హయ్యరు, తెలుగూ ఇంగ్లీషూ రెండూ. తెనాలి పక్క పల్లెలో మిషన్ బడి పంతులు మా అన్నయ్య. ఆయన కూతురు కాబట్టి అక్షరం తప్పు పడితే ఆమెకు ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. ఆర్టీసీ స్టోర్స్‌లో పనిచేసే సైమన్‌ని పెళ్లి చేసుకుని ఈ ఊరొచ్చింది. వచ్చిన ఏడాదే ఆ గది తీసుకుని, ఒక కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంది. ఇరవై రెండేళ్లుగా అడిక్‌మెట్ లాడ్జీల్లో ఉండే స్కాలర్లందరూ ఆమె దగ్గరికే వస్తారు. నాలుగు వందల థీసిస్‌లు కొట్టింది. అందుకని ఆమెకు తెలియని సంగతి లేదు. మూసీ నీళ్లలో సీసం ఎంతో చెబుతుంది. కాకతీయుల చెరువుల తూములు ఎలా ఉండేవో చెబుతుంది. ఒకసారి వైవా మధ్యలో స్కాలరు మంచినీళ్ల వంకతో బయటికొచ్చి, ఆమెకి ఫోను చేసి జవాబు కనుక్కుని లోపలికి వెళ్లాడు. ఇది ఆమె ఒప్పుకోదు. నేను కూడా నూటికి నూరు పాళ్లు ఒప్పుకోను.

ఆమె గర్వం ఒక్కటే. "నా షాపు దాటి తప్పు పేజీ పోదు బాబాయ్. పోయిన రోజున షట్టర్ దించేసి ఇంట్లో కూర్చుంటా" అని నెలకోసారైనా అంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ప్రయాణాల్లో ఆమె ల్యాప్‌టాప్ పట్టుకెళ్లదు. ఒకే ఒకసారి, బాపట్ల కన్వెన్షన్‌కి వెళ్లేటప్పుడు, అర్జెంటు పని ఉందని ఎవరి దగ్గరో అడిగి తీసుకెళ్లింది. రుబ్బురోలు మోసినట్టు మోసింది. జీపులో పాస్టరమ్మగారు చూసుకోకుండా దాని మీద కూర్చున్నారు. పాస్టరమ్మగారికి ఏమీ కాలేదు. అప్పటినుంచి గ్లోరీ మాట ఒకటే: "ఒళ్లో పెట్టుకోవలసింది పిల్లల్ని. ఆ బండరాయిని కాదు." ఊరెళితే అరచేతిలో ఇమిడే ఫోను ఒక్కటే తీసుకెళుతుంది. దాని అద్దం మూల పగిలి మూడేళ్లయింది. అందులోనే మెయిల్ చూస్తుంది, ప్రూఫులు దిద్దుతుంది, బైబిల్ చదువుతుంది, పేరంటాలకు పిలుస్తుంది.

ఇక కేకు సంగతి. నా మనవరాలు బ్లెస్సీ పెళ్లి పోయిన ఏడాది తెనాలిలో జరిగింది. ఆ పిల్లకి తార్నాక బేకరీ కేకే కావాలట. అది మూడంతస్తుల కేకు. అంటే, రెండున్నర అనుకోండి. డబ్బా క్యారమ్ బోర్డంత ఉంది. పైన లోపలి కేకు కనిపించేలా పలచటి కాగితం కిటికీ. సైమన్ పెళ్లిపాటల ప్రాక్టీసుకని క్వయర్‌తో రెండు రోజుల ముందే వెళ్లిపోయాడు. కేకునీ, నన్నూ జాగ్రత్తగా చేర్చే బాధ్యత గ్లోరీ మీద పడింది. అది శనివారం. క్రీము కరగకూడదని సికింద్రాబాదులో ఏసీ బోగీ ఎక్కాం.

బండి బీబీనగర్ దాటింది. గ్లోరీ ఒళ్లో కేకు డబ్బా, డబ్బా మీద పులిహోర పొట్లం. నేను రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే ఆమె ఫోను మోగింది.

"గ్లోరక్కా! నా పుస్తకంల కోళ్లున్నయక్కా!"

స్పీకరు పెట్టలేదు. అయినా బోగీలో సగం మంది తలెత్తి చూశారు.

"కోళ్లేంటి నాన్నా? నిదానంగా చెప్పు" అంది గ్లోరీ.

"నూట ఎనబై ఏడో పేజీ అక్కా! గాడ మా అమ్మ పాట ఉండాలె. తీస్తే కోడి దాణా టేబులున్నది. అమల మేడం సంతకం పెడ్తా పెడ్తా తెరిచి చూసింది. ‘ఏంది ఎంకన్నా, మీ గొర్లు కోడి దాణా ఎప్పటి సంది తింటున్నయి?’ అన్నది. పెన్ను మూసి పక్కకు పెట్టింది."

గ్లోరీ మొహంలో రంగు పోయింది. ఎంకన్న ఆ ఫోన్లో ఇంకా అరుస్తూనే ఉన్నాడు. "ఇయాల్నే ఆఖరు తారీఖక్కా. నాలుగు గంటలకు కౌంటర్ బంద్. ఇగ పొడిగింపు లేదన్నరు. ఎనిమిదేండ్లు అక్కా! అంతా గంగల కలుస్తది."

ఎంకన్నది నల్లగొండ వైపు ఊరు. తాత తండ్రుల నుంచీ గొర్రెల మందలే. అమల మేడం గైడుగా కాపరుల పాటల మీద థీసిస్ రాశాడు. పగలు లైబ్రరీ, సాయంత్రం ట్యూషన్లు, సెలవుల్లో మంద వెంట నడక. ఆ ఎనిమిదేళ్లలో సంపాదించిన పాటలన్నిటిలోకీ పెద్దది వాళ్లమ్మ పాడినది. తప్పిపోయిన గొర్రెపిల్లను పిలిచే పాట, ముప్పై రెండు లైన్లు. ఆమె మొత్తం పాట పాడింది ఒక్కసారే. రికార్డు చేసిన ఫోను సిటీ బస్సులో పోయింది. చేత్తో రాసుకున్న నోటుబుక్కు చూసి గ్లోరీ ఆ పేజీ కొట్టింది. ఆ తర్వాత రెండు నెలలకి వాళ్లమ్మ కన్నుమూసింది.

మరి పాట ఉండవలసిన చోట కోళ్లెలా వచ్చాయంటే, థీసిస్‌లు కొట్టేవాళ్లందరికీ ఒక అలవాటుంది. కొత్త పుస్తకానికి కొత్త ఫైలు తెరవరు. ముందు స్కాలరు పుస్తకం ఫైలునే కాపీ తీసి, అందులో మ్యాటర్ చెరిపేసి, ఈయన మ్యాటర్ పోస్తారు. మార్జిన్లు, పేజీ నంబర్లు, శీర్షికల సైజులు మళ్లీ పెట్టుకునే బాధ ఉండదు. ఎంకన్నకి ముందు వచ్చిన శ్రావణ్ కోళ్ల ఫారాల మీద రాశాడు. పెళ్లి హడావుడిలో, బేకరీ వాడితో ఫోన్లో పోట్లాడుతూ చేసిన ఆఖరి సవరణలో, అతని పేజీ ఒకటి చెరగకుండా మిగిలింది. ఆ చోటులోకి రావలసిన అమ్మ పాట ఎగిరిపోయింది.

"నోటుబుక్కు ఏది?" అంది గ్లోరీ.

"ఊర్లున్నది. ఇనుప సందుగల పెట్టి తాళమేసిన. పోయొచ్చేసరికి పొద్దు గూకుతది."

"నోటికి రాదా?"

"ముందటి ఎనిమిది లైన్లు అందరికీ వస్తయి. కడమయి మా అమ్మకే ఎర్కక్కా." మళ్లీ తనే అందుకున్నాడు. "నీ షాపు తాళం పలగ్గొడ్దునా?"

"పగలగొడితే ఏముందిరా? నాలుగు రోజులు మూసే ఉంటుంది కదా అని కంప్యూటర్ రిపేరుకిచ్చి వచ్చా."

ఫోన్లో అవతల ఏడుపు వినిపించింది. ముప్పై అయిదేళ్ల మనిషి ఏడుపు. గ్లోరీ కళ్లు మూసుకుని ఒక నిమిషం ప్రార్థన చేసుకుంది. కళ్లు తెరిచి, "సామేలు జెరాక్స్‌కి పో. పుస్తకాలు నాలుగూ పట్టుకుని పో. మెయిల్ పంపిస్తున్నా" అంది.

ఆమెకింకో అలవాటుంది. ఒకప్పుడు కంప్యూటర్ చచ్చిపోయి ఒక స్కాలరు అయిదు అధ్యాయాలూ గల్లంతయ్యాయి. అప్పటినుంచి, ఆ రోజు కొట్టిన మ్యాటరంతా సాయంత్రం తనకి తనే మెయిల్ చేసుకుని గాని షట్టర్ దించదు. పులిహోర పొట్లం నా ఒళ్లోకి తోసి, కేకు డబ్బాని బల్ల చేసుకుని, ఫోన్లో పాత మెయిళ్లన్నీ వెతికింది. చౌటుప్పల్ వైపు పొలాలు వెనక్కి పోతున్నాయి. దొరికింది. సామేలుకి పంపింది.

పది నిమిషాలకి యూనివర్సిటీ గేటు దగ్గర జెరాక్స్ షాపు నుంచి సామేలు ఫోను. "గ్లోరక్కా, ఇది పాట లెక్క లేదు. ఏబీసీడీలు మిక్సీల ఏసి తిప్పినట్టున్నది."

గ్లోరీ వాడే తెలుగు అక్షరాల ఫాంటు ఇరవై రెండేళ్ల కిందటిది. తార్నాకలో అందరూ కొత్తదానికి మారారు. ఆమె మారలేదు. ఆ ఫాంటు లేని మెషీనులో తెరిస్తే తెలుగు కనిపించదు. డాలరు గుర్తులూ, వంకర కొక్కేలూ, తలమీద టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలూ కనిపిస్తాయి. ఆమె ఫోన్లోనూ అంతే.

మా ఎదుటి సీటులో రత్నాకర్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు గుంటూరు పోతున్నాడు. ఒళ్లో తళతళలాడే ల్యాప్‌టాప్. ఇంతసేపూ వింటూ ఉన్నాడు. ఇక ఉండబట్టలేక, "ఆంటీ, ఇవన్నీ ఫోన్‌లో అవ్వవు. నాకు ఫార్వర్డ్ చేయండి. కన్వర్టర్ ఉంటుంది, టూ మినిట్స్" అన్నాడు.

గ్లోరీ పంపింది. రెండు నిమిషాలు పది నిమిషాలయ్యాయి. ఆ యంత్రం మార్చి ఇచ్చిన మొదటి లైను ఆమె చదివి, "నాయనా, దీన్ని పాడితే గొర్రెలు రావు, ఉన్నవి కూడా పారిపోతాయి" అంది.

"ఫాంట్ వెర్షన్ చాలా ఓల్డ్ ఆంటీ. ఇది ఎవరి వల్లా కాదు."

ఆ మాటతో ఆమెకి కోపం వచ్చినట్టుంది. ముక్కు మీద కళ్లజోడు సర్దుకుని, ఫోను మొహం దగ్గరికి తెచ్చుకుంది. పెదవులు కదులుతున్నాయి.

"బాబాయ్, ఈ కొక్కెం పక్కన డాలరు ఉందే, ఇది ‘గొ’. ఈ టోపీ ఆవిడ రకారం."

"నీకెలా తెలుసే?"

"ఇరవై రెండేళ్లుగా రోజూ సాయంత్రం మెయిల్లో వీళ్ల మొహాలే కదా చూస్తున్నా. కొందరు పలకరిస్తే పలుకుతారు." అని ఎంకన్నకి ఫోను కలిపింది. "ఏడుపు ఆపి, నీకొచ్చిన ఎనిమిది లైన్లు పాడు. మెల్లగా."

"ఈడనా అక్కా? జెరాక్స్ షాపుల?"

"పాడరా!"

ఎంకన్న పాడాడు. సామేలు మెషీను చప్పుడు మధ్య నుంచి ఆ గొంతు వచ్చింది.

*కొండ దిగిన మబ్బు కింద కోటి గొర్ల మంద,*
*మందలోన ఒకటి లేక మనసు నిలవదాయె.*

అతను ఒక్కో మాట పాడుతుంటే ఆమె ఒక్కో గుర్తు మీద వేలు పెట్టి కదిలింది, పలక మీద ఓనమాలు దిద్దే పిల్ల లాగా. ఎనిమిది లైన్లు అయ్యేసరికి తెలియని గుర్తులు సగం తెలిశాయి. "ఇక ఫోను పెట్టెయ్. వచ్చినవి వచ్చినట్టు మెసేజ్ పెడతా. సామేలూ, నువ్వు పుస్తకాల్లో కోళ్లని కత్తిరించు. అంచు వదిలి కత్తిరించు, ఆ అంచుకే కొత్త పేజీ అతికించాలి" అంది.

అక్కణ్ణుంచి మా బోగీలో జరిగింది నేను ఎక్కడా చూడలేదు. కేకు డబ్బా మీద ఫోను. ఫోను మీద రెండు బొటనవేళ్లు. పైన పిచ్చి గుర్తులు చదువుతుంది, కిందికి దిగి తెలుగులో కొడుతుంది, మళ్లీ పైకి పోతుంది. రత్నాకర్ ల్యాప్‌టాప్ మూసేసి, వంగి చూస్తూ కూర్చున్నాడు. బయట నల్లగొండ గుట్టలు. ఆ గుట్టల మీదే ఈ పాట పుట్టింది. ఒక మంద కనిపిస్తే, "అవి ఎంకన్న వాళ్లవే" అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

నల్లగొండ స్టేషన్ వచ్చేసరికి పదహారు లైన్లు పంపేసింది. ఆ తర్వాత వచ్చింది చిక్కు. కొన్ని గుర్తులు ఫోను మింగేసింది. వాటి చోటులో ఏమీ లేదు, ఖాళీ కూడా లేదు.

"తోవ తప్పిన పిల్లా నువ్వు తోవ... బోకే. ఏంటిది? పోకనా? రాకనా?"

మా వాళ్లకి చిన్నప్పటి నుంచీ క్వయర్‌లో ఒకటి నేర్పుతారు. పాటల పుస్తకంలో అచ్చు చెరిగిపోతే తాళం పట్టుకో, మాట తనే దొరుకుతుంది అని. గ్లోరీ సన్నగా రాగం తీసింది. నేను సీటు మీద దరువు వేశాను.

"మూడు దెబ్బలు ఖాళీ ఉన్నాయే అమ్మాయ్."

"ఉండు బాబాయ్. తోవ... తోవ... తోవనడగబోకే!" సీటు మీద చరిచింది. నా తొడ మీద పడింది.

*తోవ తప్పిన పిల్లా నువ్వు తోవనడగబోకే,*
*అమ్మ గొంతే ఆనవాలు, అటే నడిచి రావే.*

అలా పాడి, ఖాళీలు కొలిచి, మాట దొరకబుచ్చుకుని, కొట్టి పంపింది. మిర్యాలగూడలో ఇరవై నాలుగు లైన్లయ్యాయి. టైము రెండు దాటింది. అప్పుడు ఫోను ఎర్రగా మిణికింది. చార్జింగ్ నాలుగు శాతం. సీటు పక్కన ప్లగ్గు చచ్చి ఎన్నాళ్లయిందో.

రత్నాకర్ తన ల్యాప్‌టాప్ తెరిచి, వైరు తీసి, దాని కరెంటు ఆమె ఫోనుకి పెట్టాడు. ఆ ల్యాప్‌టాప్ ఆ రోజు చేసిన మంచి పని అదొక్కటే.

ఆఖరి ఎనిమిది లైన్లు. బండి కృష్ణ వంతెన ఎక్కింది. కింద నీళ్లు, పైన ఇనుప దూలాలు, ఫోన్లో ఒక్క గీత లేదు. ఆమె తల ఎత్తలేదు. వంతెన దిగేసరికి ముప్పై రెండో లైను అయింది. పంపే బటన్ నొక్కింది. చిన్న గడియారం గుర్తు పడి అక్కడే ఆగింది. మళ్లీ నొక్కింది. గడియారమే.

"ఇప్పుడు టైమెంత?"

"రెండూ నలభై అయిదు" అన్నాను. రెండూ యాభై రెండు అయింది, కాని అది చెప్పడానికి నోరు రాలేదు.

ఇక్కడ నేను గార్డుతో మాట్లాడి బండి ఆపించాను. సరే, ఎదురు బండికి దారివ్వడానికి అదే ఆగింది. ఆగడం మాత్రం అలా ఇలా ఆగలేదు. బోగీ అంతా ముందుకి ఊగింది. ఫోను డబ్బా మీద జారి, పలచటి కాగితం కిటికీ చించుకుని, బ్లెస్సీ పెళ్లి కేకులో నిలువునా దిగబడింది.

గ్లోరీ రెండు వేళ్లతో ఫోను పైకి లాగింది. అద్దం నిండా తెల్ల క్రీము. చీర కొంగుతో ఒక్క తుడుపు తుడిచి చూసింది. గడియారం పోయింది. దాని చోటులో టిక్కు గుర్తు. చూస్తుండగానే రెండోది. చూస్తుండగానే రెండూ నీలమయ్యాయి.

"చదివాడు" అంది, వేలికంటిన క్రీము నాకుతూ.

క్యాంపస్‌లో జరిగింది నేను చూడలేదు, సామేలు చెప్పగా విన్నాను. ఆఖరి లైన్లు రాగానే పేజీ కూర్చి నాలుగు ప్రతులు తీశాడట. కత్తిరించి ఉంచిన అంచులకి జిగురు రాసి అతికించి, తడి ఆరడానికి నాలుగు పుస్తకాల మీదా తనే ఎక్కి కూర్చున్నాడట. ఎంకన్న వాటిని చంకల్లో పెట్టుకుని ఆర్ట్స్ కాలేజీ మెట్లు రెండేసి ఎక్కాడు. అమల మేడం నూట ఎనభై ఏడో పేజీ తెరిచి, మొత్తం పాట చదివింది. ముప్పై రెండు లైన్లూ చదివేదాకా పెన్ను తీయలేదు. వీడి ప్రాణం గడియారం మీద ఉంది. చదివి, "దీనికోసమే నేను ఎనిమిదేళ్లు నీ వెంట పడింది" అని సంతకం పెట్టింది. అక్కణ్ణుంచి పరీక్షల విభాగం దాకా చెట్ల కింద పరుగు. కౌంటర్ మనిషి అప్పటికే కిటికీ రెక్క మీద చెయ్యి వేశాడట.

నడికుడి దాటి చాలాసేపయింది. గ్లోరీ ఫోను చేతిలో పట్టుకునే ఉంది. అది కేకు గురించి దిగులు కాదని నాకు తెలుసు. అప్పుడు ఫొటో ఒకటి వచ్చింది. రసీదు. దాని మీద గుండ్రటి నీలం ముద్ర, పక్కన చేత్తో రాసిన టైము: మూడూ యాభై నాలుగు. దాని కింద ఎంకన్న మెసేజ్: "అక్కా, అమ్మ పోయింది లోపటికి."

గ్లోరీ ఫోను అందరికీ చూపించింది. బోగీ బోగీ అంతా లేచి చప్పట్లు కొట్టింది. ఇంజను డ్రైవరు కూడా కూత వేశాడు. సరే, అది లెవెల్ క్రాసింగ్ కోసం.

"ఆంటీ, మీ ఫోన్ ఏ మోడల్?" అని రత్నాకర్ అడిగాడు.

"ఏమో నాయనా. అద్దం పగిలినది" అంది గ్లోరీ.

గుంటూరులో దిగుతూ అతను ఆమెకి వంగి దణ్ణం పెట్టాడు. నాకు పెట్టలేదు. దరువు వేసింది నేను.

తెనాలిలో బ్లెస్సీ డబ్బా తెరిచి చూసి ఒక్క కేక పెట్టింది. కేకులో ఫోను పట్టేంత గుంట. గ్లోరీ ఆ గుంటలో ఒక ఎర్ర గులాబీ గుచ్చి, "ఇప్పుడిదే ఫ్యాషన్. హైదరాబాదులో అన్ని పెళ్లిళ్లకీ ఇలాగే" అంది. పెళ్లికొచ్చిన నలుగురు ఆ ఫ్యాషన్ ఎక్కడ దొరుకుతుందని అడిగారు. నమ్మకపోతే ఆల్బం చూసుకోండి.

ఆరు నెలలకి ఎంకన్న వైవా. డిపార్ట్‌మెంట్ హాలు నిండింది. ఊరి నుంచి గొంగళ్లు భుజాన వేసుకుని పెద్దలు పదిమంది వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నేనూ గ్లోరీ ఆఖరి వరస. బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడు పుస్తకం తిరగేస్తూ ఒక చోట ఆగి, "ఈ నూట ఎనభై ఏడో పేజీ పాడి వినిపించగలరా?" అన్నాడు.

నేను గ్లోరీ వైపు చూశాను. ఆమె కుర్చీలో కిందికి జారింది.

ఎంకన్న పుస్తకం చూడకుండా పాడాడు. ముప్పై రెండు లైన్లూ ఆ ఆరు నెలల్లో కంఠతా పట్టాడు. సగంలో ముందు వరస పెద్దలు అందుకున్నారు. ఆఖరికి వచ్చేసరికి నా పక్కన క్వయర్ ఆల్టో గొంతు ఒకటి, సన్నగా, కళ్లు మూసుకుని, వాళ్లతో కలిసింది.

*గొంగడంత చీకటైనా గొంతు దాచుకోను,*
*నువ్వు వచ్చేదాక పాట నేను ఆపబోను.*

పరీక్షకుడు ఇంక ప్రశ్నలు వేయలేదు. డాక్టర్ ఎంకన్న అని ఆయనే ముందు పిలిచాడు. బయటికొచ్చాక ఊరి పెద్దలు ఎంకన్నకి గొంగడి కప్పారు. అతను అది తీసి తిన్నగా వచ్చి గ్లోరీ భుజాల మీద కప్పాడు. ఎండాకాలం. చెమటలు కారుతున్నా ఆమె తార్నాక దాకా దాన్ని తీయలేదు.

ఇదంతా చేత్తో రాసి, కొట్టిపెట్టమని నిన్న గ్లోరీకి ఇచ్చాను. ఆమె ఒక్కో కాగితం తిరగేస్తూ మొదటి నుంచి చివరి దాకా కొట్టింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. నేను గుమ్మంలో నిలబడి టీ తాగుతూ, ఏమంటుందో అని చూస్తున్నాను. కొట్టడం అయ్యాక, షాపులో ఉన్న ఇద్దరు కొత్త స్కాలర్లకి వినిపించేలా గొంతు పెంచింది.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదు బాబాయ్. ఆ రోజు మేం రైలే ఎక్కలేదు, బస్సులో వెళ్లాం. కేకు తెనాలిలోనే కొన్నాం. ఆ పిచ్చి గుర్తులు చదవడం మనిషన్నవాడి వల్ల కాదు. నా షాపు దాటి తప్పు పేజీ ఇంతవరకూ ఒక్కటి కూడా పోలేదు."